రాకాసిలోయకు దారి ఎటు?

ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలు సొంతంగా చదువుకునే సాహస నవలలు తెలుగులో లేవని తరచూ వాపోతుంటాం. ఉన్నాయి. ఒకే రచయిత రాసినవే డజను ఉన్నాయి. ఆయన పేరు మాత్రం పాఠకులకు చాలా ఏళ్లు తెలియలేదు.

కుండలినీ ద్వీపం మీద ఆకాశంలో తోకచుక్క పొడిచింది. ఏ కీడు మూడుతుందోనని జనం హడలిపోయారు. సేనాని సమరసేనుడు ఓడలెక్కి సముద్రం మీద పడ్డాడు. నానా అగచాట్లూ పడి ముక్కూమొహం తెలియని దీవిలో అడుగుపెట్టేసరికి ఒకరికి ఇద్దరు మాంత్రికులు ఎదురయ్యారు. ఒంటికన్ను ఏకాక్షి, నాలుగు కళ్ల చతుర్నేత్రుడు. ఒకడి పొడ మరొకడికి గిట్టదు. చతుర్నేత్రుడి కొలువులో గుడ్లగూబ, నరవానరం. ఏకాక్షి చెప్పుచేతల్లో కాలభుజంగం. ఇద్దరి కన్నూ ధనరాసులున్న ఒక నావ మీదే. మధ్యలో ఇరుక్కున్న సమరసేనుడు ఎవరిని నమ్మాలి?

1954లో చందమామ పత్రిక చేతికందిన పిల్లలకు నెలంతా నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఇది. జవాబు కావాలంటే వచ్చే నెల దాకా ఆగాల్సిందే. వచ్చే నెల జవాబు దొరికేది, దాని తోకకు ఇంకో ప్రశ్న ముడిపడి ఉండేది. ఆ సీరియల్ పేరు 'తోకచుక్క'. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. అప్పటికాయనకు ఇరవై రెండేళ్లు అటూ ఇటూ.

ఇంగ్లిషు పుస్తకాల షాపుల్లో ఇప్పుడు ఈ రకం నవలలకు ప్రత్యేకంగా ఒక అర ఉంటుంది. బొమ్మల పుస్తకాల వయసు దాటి, పెద్దల నవలల వయసు ఇంకా రాని పిల్లల కోసం రాసేవవి. మాయలు, మంత్రాలు, ప్రయాణాలు, కాస్త భయం, బోలెడు సరదా. తెలుగువాళ్లు ఆ అరకు పేరు పెట్టలేదు కానీ, 'హ్యారీ పోటర్' మొదటి పుస్తకం వచ్చిన 1997కు నలభై ఏళ్ల ముందే దాన్ని నింపడం మొదలుపెట్టారు.

మాయాజాలం మనకు కొత్త కాదు

మధిర సుబ్బన్న దీక్షితులు రాసిన 'కాశీమజిలీ కథలు' తెలుగు ఇళ్లలో తరాలపాటు నలిగిన పుస్తకం. మణిసిద్ధుడనే గురువు, పశువుల కాపరి గోపడు కాలినడకన కాశీకి బయలుదేరతారు. మజిలీ మజిలీకీ ఒక వింత కనబడుతుంది. గోపడు అడుగుతాడు, గురువు కథ చెబుతాడు. అడిగేవాడు ఉంటేనే కథ నడుస్తుందన్న కిటుకు అందులోనే ఉంది. అయితే దీక్షితులవారి కథల్లో శృంగారం పాలూ ఎక్కువే, భాషా గ్రాంథికం. పదేళ్ల పిల్లవాడికి అది పెద్దవాళ్ల చాటున వినాల్సిన కథే తప్ప సొంతంగా చదువుకునేది కాదు.

ఆ సరుకును పిల్లలకూ పామరులకూ దించిన ఘనత మద్రాసు సినిమావాళ్లది. 1951లో విజయా సంస్థ తీసిన 'పాతాళభైరవి'లో తోటమాలి కొడుకు రాముడు కథానాయకుడు, నేపాళ మాంత్రికుడు ప్రతినాయకుడు, పక్కన నవ్వించడానికి అంజిగాడు. ఆ సినిమా తీసిన నాగిరెడ్డి, చక్రపాణులే 1947 జూలైలో చందమామ మొదలుపెట్టినవారు. ఒకే గొడుగు కింద తెర మీద మాంత్రికుడు, కాగితం మీద మాంత్రికుడు. తెర మీదివాడు మూడు గంటల్లో చచ్చేవాడు. కాగితం మీదివాడు రెండేళ్లు సతాయించేవాడు.

చందమామకు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు సంపాదకత్వం చూశారు. అదే 1952లో సంపాదక వర్గంలో చేరిన కుర్రాడు సుబ్రహ్మణ్యం. తెనాలి దగ్గర పెదగాదెలవర్రు ఆయన ఊరు. 1932లో పుట్టారు. చేరిన పత్రికలోనే యాభై ఏళ్లకు పైగా ఉండిపోయారు. 'తోకచుక్క' తర్వాత 'మకరదేవత', ఆ వెనక 'ముగ్గురు మాంత్రికులు', అలా 1980 దాకా పన్నెండు సీరియళ్లు రాశారు. ఇవే కథలు హిందీతో సహా చందమామ ఇతర భాషల సంచికల్లోకీ వెళ్లాయి. అక్కడి పిల్లలూ ఇవి తమ భాషలోనే పుట్టాయనుకుని చదివారు.

ఒక్క సీరియల్ మీదా ఆయన పేరు లేదు. సంపాదక వర్గంలోనివాళ్లు రాసినవాటికి పేరు వేయకపోవడం చందమామ పద్ధతి. ఆ పేరు బయటపడి, అభిమానులు వెతుక్కుంటూ వెళ్లేనాటికి ఆయన పెద్దవారైపోయారు. 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు.

ఆ పన్నెండు సీరియళ్ల మధ్యలో ఒకసారి చందమామ ఈ మాంత్రికుల సందడికి విరామం ఇచ్చింది. 1961లో మొదలైన 'రాకాసిలోయ' ముగిశాక, సీరియల్ పేజీల్లోకి బంకించంద్రుడి 'దుర్గేశనందిని' లాంటివి వచ్చాయి. చక్రపాణికి మాంత్రికుల మీద మోజు లేదని, అయితే పాఠకులకు ఉందని అమ్మకాలు చూశాక తెలిసొచ్చిందని పాత అభిమానులు చెప్పుకుంటారు. ఏమైతేనేం, 1966లో దాసరి 'పాతాళదుర్గం'తో మళ్లీ వచ్చారు.

పిల్లల కథకు తీర్పరులు పిల్లలేనని లండన్‌లోనూ ఒక ప్రచురణకర్త నమ్మాడు. 1936లో టోల్కీన్ అనే ప్రొఫెసర్ రాసిన 'ది హాబిట్' రాతప్రతిని స్టాన్లీ అన్విన్ తన పదేళ్ల కొడుకు రేనర్ చేతిలో పెట్టి, అభిప్రాయం రాసినందుకు ఒక షిల్లింగు ఇచ్చాడు. పిల్లవాడు బాగుందన్నాడు. మరుసటి ఏడాది పుస్తకం అచ్చయింది. చందమామ పిల్లలకు షిల్లింగు ఎవరూ ఇవ్వలేదు. వాళ్లే డబ్బులిచ్చి కొనుక్కుని తీర్పు చెప్పారు.

ఈ కథలు ఎలా నడుస్తాయి?

దాసరి సీరియల్ ఏది తీసుకున్నా మొదటి పేజీలోనే ఏదో ఒకటి జరిగిపోతుంది. ఊరి వర్ణన, వంశవృక్షం, రాజుగారి గుణగణాలు అంటూ కాలయాపన ఉండదు. తోకచుక్క కనబడుతుంది, లేదా రాజకుమారి మాయమవుతుంది, లేదా అడవిలోంచి కేక వినబడుతుంది. నెలనెలా ఎపిసోడ్ తలకట్టులో జరిగిన కథ నాలుగు ముక్కల్లో ఉంటుంది. ముందు నెల చందమామ దొరకని పిల్లవాడు కూడా ఆ నాలుగు ముక్కలు పట్టుకుని కథలో దూకేయొచ్చు. పేజీ చివర కథానాయకుడు కొండ అంచున ఉంటాడు, లేదా వెనక నుంచి భుజం మీద ఎవరిదో చెయ్యి పడుతుంది. అక్కడ 'ఇంకా ఉంది'.

రెండో కిటుకు జోడీ. 'యక్షపర్వతం'లో ఖడ్గవర్మ కత్తి దూస్తాడు, జీవదత్తుడు మంత్రదండంతో ఆలోచిస్తాడు. 'మాయాసరోవరం'లో జయశీలుడు నిదానస్తుడు, సిద్ధసాధకుడు శూలం ఎత్తి మహాకాళికి జై కొడుతూ ముందుకు దూకే రకం. 'శిథిలాలయం'లో శబర యువకుడు శిఖిముఖి, క్షత్రియ యువకుడు విక్రమకేసరి భుజం భుజం కలిపి నడుస్తారు. ఇద్దరుంటే మాటలుంటాయి, మాటలుంటే వేళాకోళం ఉంటుంది, వేళాకోళం ఉన్నచోట భయం పలచబడుతుంది. పదేళ్ల పాఠకుడికి చీకటి గుహలోకి ఒంటరిగా వెళ్లడం కష్టం. పక్కన ఒక నేస్తం ఉంటే వెళ్తాడు.

మూడోది, దుర్మార్గులకు దుర్మార్గుల మీదే మంట. ఏకాక్షికి సమరసేనుడి మీద కన్నా చతుర్నేత్రుడి మీదే కచ్చ. ఇలాంటి చోట కథానాయకుడు బలంతో గెలవలేడు. ఇద్దరి మధ్యా కిటుకుగా మసలుకోవాలి, ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు పొదల చాటున నక్కాలో తెలియాలి. పెద్దవాళ్ల రాజ్యంలో బతుకుతున్న పిల్లలకు ఈ విద్య ఎవరూ చెప్పక్కర్లేదు, వాళ్ల రోజువారీ అనుభవమే.

నాలుగోది అన్నిటికన్నా విచిత్రం. ఇన్ని మంత్రాలు, ఇన్ని క్షుద్రదేవతలు, ఇంత కాళికాపూజ రాసిన సుబ్రహ్మణ్యం నాస్తికుడు. ఆయన రాతలను అచ్చుకు పంపిన కుటుంబరావు మార్క్సిస్టు. అందుకేనేమో ఈ కథల్లో కథానాయకుణ్ని గట్టెక్కించడానికి ఏ దేవుడూ ప్రత్యక్షం కాడు. మంత్రం ఇక్కడ ఒక పనిముట్టు. కొన్నిసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు మొరాయిస్తుంది, ఒక్కోసారి ప్రయోగించినవాడికే ఎదురు తిరుగుతుంది. ఆఖరున గెలిపించేది సమయస్ఫూర్తి, తెగువ, పక్కవాడి సాయం. మూఢనమ్మకాలు నేర్పుతాయని ఈ కథలను పిల్లలకు దూరంగా ఉంచే తల్లిదండ్రులు ఈ సంగతి గమనించాలి. మాంత్రికుడి కపటం పేజీల తరబడి చదివిన పిల్లవాడు తాయెత్తులు అమ్మేవాడి ముందు అంత తేలిగ్గా బోల్తా పడడు.

ఇక తేలికదనం. వీటిలో రాక్షసులకు ఆకలేస్తుంది, విసుగొస్తుంది, అలుగుతారు, ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకుంటారు. 'జ్వాలాద్వీపం'లో ఉగ్రాక్షుడనే రాక్షసుడు చిత్రసేనుడి పక్షానే నిలబడతాడు. పేరు చూస్తే గుండె ఝల్లుమంటుంది, మాట వింటే నవ్వొస్తుంది. మసాలా దంచినవాడి చెయ్యి ఎంత బిగువో, పోపులో వేసేటప్పుడు అంత పొదుపు. దాసరి భయాన్ని వాడింది ఆ లెక్కనే.

ఆ భయానికీ నవ్వుకూ రూపమిచ్చినవాడు 'చిత్రా' అని సంతకం చేసిన టి.వి. రాఘవన్. ఎక్కువ సీరియళ్లకు బొమ్మలు ఆయనవే. సీరియల్ పేజీ తిప్పగానే ముందు బొమ్మ కనబడాలి, అది చూసి కథలోకి దిగాలి. ఎలుగు తోలు కప్పుకున్నవాడు, ముసలి చెట్టు తొర్రలో మెరిసే కళ్లు, రాతి మెట్ల మీద పడిన నీడ: వీటిని చూసినవాళ్లు ఇప్పుడు తాతలయ్యారు. కథ మరిచిపోయినా బొమ్మ మరిచిపోలేదంటారు.

పన్నెండు సీరియళ్లు, వరుసలో

తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు. ఇవి కాక 'బొమ్మరిల్లు' పత్రికలో 'మృత్యులోయ'. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు తోకచుక్కతోనే మొదలుపెట్టాలని రూలేమీ లేదు. జంట కథానాయకుల హాస్యం కావాలంటే మాయాసరోవరం, అడవి కావాలంటే శిథిలాలయం, సముద్రం కావాలంటే తోకచుక్క.

చదవడం వచ్చేది ఇక్కడే

నాలుగో తరగతి పిల్లకు 'చతుర్నేత్రుడు' అన్న మాట మొదటిసారి ఎదురైతే ఏమవుతుంది? 'చతు' దాకా బండి సాఫీగా పోతుంది. 'ర్నే' దగ్గర ఆగుతుంది. రకారం మీద ఏత్వం, దాని కింద నావత్తు. కూడబలుక్కుంటుంది. వెంటనే 'త్రు': కింద రావత్తు, పక్కన కొమ్ము. మళ్లీ ఆగుతుంది. పాఠ్యపుస్తకంలో అయితే ఇక్కడే పుస్తకం మూసేస్తుంది. కానీ ఇది నాలుగు కళ్ల మాంత్రికుడి పేరు. వాడు ఇప్పుడే గుడ్లగూబను ఉసిగొల్పాడు. తర్వాతేమైందో తెలియాలి. రెండో పేజీలో అదే పేరు కాస్త తేలిగ్గా నోరు తిరుగుతుంది. ఒక అధ్యాయం ముగిసేసరికి ఆ పేరు చూడ్డమే, చదవడం లేదు.

తెలుగు అక్షరాలు నేర్చుకోవడం ఒక ఎత్తు, తెలుగులో పరుగెత్తడం ఇంకో ఎత్తు. గుణింతాలు, వత్తులు బడిలో వస్తాయి. వేగం మాత్రం పేజీల కొద్దీ చదివితేనే వస్తుంది. పేజీల కొద్దీ చదవాలంటే కథ ఆపనివ్వకూడదు. నీతి వాక్యంతో ముగిసే అరపేజీ కథలు ఎన్ని చదివినా ఈ దమ్ము రాదు. ఒకే కథలో రెండు వారాలు మునిగి ఉండే అనుభవం వేరు. ఇంగ్లిషు మీడియంలో చదివే మన పిల్లలు తెలుగు గడగడా మాట్లాడతారు, బస్సు మీద బోర్డు మాత్రం కూడబలుక్కుంటారు. వాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. వాళ్ల వయసుకు తగ్గ పొడవాటి కథ తెలుగులో వాళ్ల చేతికి అందలేదు, అంతే.

అమెరికాలో సిలికానాంధ్ర మనబడి లాంటి చోట్ల వారాంతాల్లో తెలుగు నేర్చుకునే పిల్లలదీ ఇదే ఇబ్బంది. అక్షరాలు వస్తాయి, పద్యాలు వస్తాయి. ఆ తర్వాత చదవడానికి ఏముంది? పసిపిల్లల బొమ్మల పుస్తకం తిరగేయడానికి వాళ్లకు నామోషీ. పెద్దల నవల కొరుకుడు పడదు. ఈలోగా ఇంగ్లిషులో మన పురాణాల చుట్టూ అల్లిన సాహస నవల దొరుకుతుంది. రోషనీ చోక్షి రాసిన 'అరు షా' పుస్తకాలు 2018లో మొదలయ్యాయి. పాండవులు, అస్త్రాలు, దేవలోకం అన్నీ అందులో ఉన్నాయి. మన సరుకు మన పిల్లలకు ఇంగ్లిషు దుకాణంలో దొరుకుతోంది.

ఇప్పుడేం దొరుకుతోంది?

1980 తర్వాత చందమామలో దాసరి సీరియళ్ల కాలం ముగిసింది. 2007లో పత్రిక జియోడెసిక్ అనే సంస్థ చేతుల్లోకి వెళ్లింది. తర్వాత కొద్ది ఏళ్లకే అచ్చు ఆగిపోయింది. పాత సంచికలను భద్రపరిచినవాళ్లు, స్కాన్ చేసి పంచుకున్నవాళ్లు అభిమానులే. ఈ సీరియళ్లు పుస్తకాలుగా మళ్లీ వచ్చాయంటే ఆ అభిమానుల చలవే. పిల్లల పుస్తకాలనే పనిగా పెట్టుకున్న 'మంచి పుస్తకం' సంస్థ వీటిని నేటి పిల్లల చేతికి తెచ్చింది. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానాతో కలిసి అది పోటీలు పెట్టి కొత్త పిల్లల పుస్తకాలనూ రాబట్టింది.

సాహిత్య అకాడెమీ 2010లో బాలసాహిత్య పురస్కారం మొదలుపెట్టినప్పుడు తెలుగులో అది కలువకొలను సదానంద 'అడవితల్లి'కి దక్కింది. 2024లో పి. చంద్రశేఖర ఆజాద్ నవల 'మాయాలోకం'కి వచ్చింది. అంటే పిల్లలకు నవల రాసేవాళ్లు లేకపోలేదు. రాసిన నవల బడి లైబ్రరీ దాకా, పుస్తకాల షాపు కింది అర దాకా, పిల్లల చేతి దాకా రావడమే గగనమైపోయింది.

కారణాలు తెలిసినవే. నూట యాభై పేజీల పుస్తకానికి మంచి బొమ్మలు వేయించాలంటే ఖర్చు. తక్కువ ప్రతులు వేస్తే ధర పెరుగుతుంది, ధర చూసి కొనేవాళ్లు వెనక్కి తగ్గుతారు. చందమామకు నెలనెలా వచ్చే పాఠకులుండేవారు, కాబట్టి చిత్రా చేత బొమ్మలు వేయించగలిగింది. ఇప్పుడు ఆ భారమంతా ఒక్క పుస్తకం మీద పడుతోంది. పైగా పిల్లల కథ అనగానే మనలో చాలామందికి నీతి కావాలి. మంచి మార్కులు, మొక్కలు నాటడం, పెద్దల మాట వినడం. ఇవి మంచివే. అయితే పెద్దల మాట వినే పిల్లవాడు రాకాసిలోయలోకి అడుగే పెట్టడు, ఇక కథెక్కడిది?

కొత్తగా రాయాల్సినవి

పాతవాటిని నెత్తిన పెట్టుకుంటే సరిపోదు. వాటి లోపాలూ ఒప్పుకోవాలి. ఈ సీరియళ్లలో ఆడపిల్లలు తక్కువ. రాజకుమారులు కత్తి పట్టుకుని తిరుగుతుంటే రాజకుమారులను వెతికే పని ఏ రాజకుమార్తెకూ పడదు. ఎత్తుకుపోవడానికి, విడిపించడానికే రాజకుమార్తెలు ఎక్కువ పనికొస్తారు. శబరులను, కోయలను, గోండులను కథలోకి తెచ్చి, శిఖిముఖి లాంటివాణ్ని కథానాయకుడినే చేశారు. అది ఆ రోజులకు పెద్ద మాట. అయినా అడవి జనమంటే ఈకలు, ఈటెలు, బలులు అన్న చూపు అక్కడక్కడా తొంగిచూస్తుంది. ఇప్పుడు రాసేవాళ్లు వాళ్ల గూడేల్లోకి వెళ్లి, వాళ్ల పిల్లల నోట కథ వినాలి.

చోట్లకు కరువా? నంద్యాల జిల్లా బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్నాయి. లోతుకు దిగితే పాతాళగంగ అని పిలిచే నీటిపాయ ఉంది. దానికన్నా పెద్ద పాతాళదుర్గం ఎవరైనా కల్పించగలరా? గండికోట దగ్గర పెన్నా కోసిన లోయ, కోరింగ మడ అడవుల్లో ఆటుపోట్లకు మారిపోయే దారులు, అమ్రాబాద్ అడవిలో పులి అడుగులు, పాపికొండల మధ్య గోదావరి మీద పొద్దున్నే పట్టే మంచు. ఒక ఆరో తరగతి పిల్ల, దాని వెంట తోకలా తిరిగే తమ్ముడు, ఇద్దరికీ కనబడే ఒక చిన్న దయ్యం. ఇంతకన్నా పెట్టుబడి అక్కర్లేదు. రాసేవాడికి ఓపిక, ప్రచురించేవాడికి తెగువ ఉండాలి.

పత్రికలవాళ్లమూ ఈ లెక్కలోంచి తప్పించుకోలేం. పిల్లల పేజీ అంటే చుక్కలు కలపండి, తేడాలు కనిపెట్టండి, ఒక చిట్టి కథ. దశాబ్దాలుగా ఇదే. వారం వారం ఒక పేజీ ఇస్తే ఏడాదిలో ఒక నవల పూర్తవుతుంది. దాసరి సీరియళ్లు పుట్టిందీ పెరిగిందీ పత్రికలోనే. ఆ దారి మూసుకుపోయింది కాబట్టే తర్వాతి దాసరి రాలేదు. కనీసం ఒక్క అనుబంధమైనా ఆ పేజీ తెరవాలి.

తల్లిదండ్రులకు, తాతలకు ఒక మాట. పుస్తకం కొనిచ్చి చదవమని బలవంతం చేయకండి. రాత్రి భోజనాలయ్యాక మొదటి రెండు అధ్యాయాలు మీరే పైకి చదివి వినిపించండి. మాంత్రికుల గొంతులు మార్చండి, రాక్షసుడు నవ్వితే మీరూ నవ్వండి. రెండో అధ్యాయం ఆఖరున కథానాయకుడు ప్రమాదంలో పడగానే నిద్ర వస్తోందని పుస్తకం వాళ్ల ముందు పెట్టి లేచిపోండి. మిగతాది కథే చూసుకుంటుంది. టీచర్లు కూడా తరగతికి ఒక సీరియల్ పుస్తకం తెప్పించి, శనివారం ఆఖరి పీరియడ్‌లో ఒక్కో అధ్యాయం చదివించి చూడండి. పిల్లలు పై శనివారం దాకా ఆగలేక పుస్తకం ఇంటికి అడిగి పట్టుకెళ్తే, అదే మీ తెలుగు పరీక్ష ఫలితం.